కొమ్మల పగడాన్ని గిన్నె చూసి పోల్చుకోవాలి

అందరికీ నమస్కారం. శ్రీకాకుళంలో కూర్చున్న మనకు విదేశాల్లోని పిల్లలు తమ ఉప్పునీటి ట్యాంకు ఫొటో పంపి "ఇదేం పగడం?" అని అడుగుతుంటారు. ముందు చట్టం మాట. మన దేశంలో గట్టి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. సముద్రంలోంచి తీయడం, అమ్మడం, కొనడం నేరం. ఎండిన ముక్కకూ అంతే. అందుకే మనం ఫొటోలోనే పోల్చుకోవడం నేర్చుకుందాం.

రంగును నమ్మకండి. నీలి ఎల్ఈడీ కింద ఏ కొమ్మైనా మెరుస్తుంది. నీళ్లలో నైట్రేటు పెరిగితే పగడం ఒంట్లో ఉండే శైవలాలు, అంటే నాచులాంటి సూక్ష్మజీవులు, ఎక్కువై అదే కొమ్మ గోధుమరంగుకు తిరుగుతుంది. ఆకారమూ అంతే: ప్రవాహం, వెలుగు బాగా ఉంటే కొమ్మలు పొట్టిగా, లావుగా వస్తాయి, తక్కువైతే సన్నగా సాగుతాయి. వీటికంటే నమ్మదగ్గది పాలిప్, అంటే పగడాన్ని కట్టే చిన్న ప్రాణి, కూర్చునే గిన్నె. దాన్నే కోరలైట్ అంటారు.

తెల్ల లైటు వేసి, పంపులు ఆపి, కొమ్మ కొనను, పక్కను దగ్గరగా తీయమనండి. పక్కన ప్లాస్టిక్ స్కేలు ఉండాలి. గిన్నెలు చాలావరకు మిల్లీమీటరు అటూఇటూ ఉంటాయి.

ముందు కొన చూడండి. అక్కడ ఒక గిన్నె, చుట్టూ పక్కగిన్నెలు ఉంటే అక్రోపోరా. కొత్తగా కోసిన ఫ్రాగ్‌లో, అంటే పెంచడానికి తుంచిన ముక్కలో, ఆ కొనగిన్నె తెగిపోయి ఉండవచ్చు. మళ్లీ పెరిగేదాకా పేరు పెట్టొద్దు. కొనగిన్నె లేకపోతే పక్కలు చూడాలి. బుడిపెలుండి, వాటి మీదా గిన్నెలుంటే పోసిల్లోపోరా. సన్న కొమ్మ పొడవునా గిన్నెలు వరుసకట్టి ఉంటే సీరియాటోపోరా. అందులో కొన సూదిగా ఉంటే హిస్ట్రిక్స్ జాతి, మొండిగా ఉంటే కాలియెండ్రమ్ జాతి. బుడిపెలు లేక, గిన్నె మీద చూరులాంటి అంచు ఉంటే స్టైలోఫోరా.

అందరూ తడబడేది మాంటిపోరా డిజిటాటా, పోరైటిస్ సిలిండ్రికా దగ్గర. రెండూ వేళ్లలా ఉంటాయి. మాంటిపోరాలో గిన్నెకూ గిన్నెకూ మధ్య ఖాళీ ఉంటుంది. పోరైటిస్‌లో గోడకు గోడ ఆనుకునే ఉంటుంది. గిన్నెలే కనబడక సూదిపోటు రంధ్రాలే ఉంటే మిల్లెపోరా. అది గట్టి పగడాల జాతి కాదు, హైడ్రాలకు చుట్టం. చేత్తో ముట్టుకుంటే మంట పుడుతుంది, జాగ్రత్త.

అక్రోపోరాలో వందకు పైగా జాతులున్నాయి. పక్కగిన్నె పెదవి తీరు చూడాలి: అక్రోపోరా మిల్లెపోరా అనే జాతిలో (పైన చెప్పిన మంటపుట్టే మిల్లెపోరా వేరు) కింది పెదవి పొలుసులా ముందుకు వస్తుంది. అంతవరకూ తేలకపోతే "అక్రోపోరా ఎస్పీ." (జాతి తేలని అక్రోపోరా) అని రాయండి; ఊహించి రాసిన పేరుకన్నా అది నయం. పోసిల్లోపోరాలో జాతి తేల్చడానికి చాలాసార్లు డీఎన్ఏ పరీక్షే కావాలి. ఫొటో మీద తేదీ వేసి, ఆరు నెలలకు అదే కొమ్మను అదే వెలుగులో మళ్లీ తీయమనండి.