నత్తగుల్ల గీత

శ్రోతలకు నమస్కారం. సార్వా ఊడుపులు ముగిసి చేలన్నీ నీళ్ళతో నిండి ఉన్న రోజులివి. ఇప్పుడు జ్వరం అనగానే మలేరియా, డెంగీ, టైఫాయిడ్ గుర్తొస్తాయి. ఈ మూడూ కాని ఒక జ్వరం గురించి చెబుతాను. దాని పేరు మెలియాయిడోసిస్. నోరు తిరగకపోయినా ఫర్వాలేదు, మా డాక్టర్లలోనే చాలామందికి తిరగదు.

కొన్నేళ్ళ కిందట కోనసీమ నుంచి ఒక కౌలు రైతు నా దగ్గరికి వచ్చారు. యాభై దాటిన మనిషి, పదేళ్ళుగా షుగర్. నెల రోజులుగా సాయంత్రమయ్యేసరికి జ్వరం, దగ్గు. మనిషి సగమయ్యారు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి పైభాగాన మచ్చ ఉంది. కళ్ళెలో టీబీ క్రిమి దొరకలేదు. అయినా టీబీ మందులే రాశాను. రెండు నెలలైనా జ్వరం తగ్గలేదు సరికదా, కడుపునొప్పి కూడా వచ్చింది. స్కానింగ్ చేయిస్తే కాలేయంలో, ప్లీహంలో చీముగడ్డలు. రక్తంలో క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్షకి పంపాల్సింది మొదటి రోజే. నేను పంపింది అప్పుడు.

ల్యాబ్ వాళ్ళు పిలిచి మైక్రోస్కోపులో చూపించారు. రెండు కొసల్లో రంగు పట్టి, మధ్యలో ఖాళీగా, అచ్చం పిన్నీసుల్లా ఉన్నాయి క్రిములు. ఇలాంటిదాన్ని సూడోమోనాస్ అనే మామూలు క్రిమి అనుకుని పక్కన పెట్టేయడం చాలా చోట్ల జరుగుతుంది. మా అదృష్టం, అక్కడున్నావిడకి ఇది మెలియాయిడోసిస్ క్రిమేమోనని అనుమానం వచ్చింది.

"కాలికి ఎప్పుడైనా దెబ్బ తగిలిందాండీ?" అని అడిగాను.

"ఆయ్, నారు మోస్తుంటే నత్తగుల్ల గీరుకుందండి. పసుపు అద్దాను, మానిపోయిందండి."

దారి అదే కావచ్చు. ఈ క్రిమి తడి మట్టిలో, వరి చేల నీళ్ళలో బతుకుతుంది. వానలకి లోపలి మట్టిలోంచి పైకొస్తుంది. చిన్న గాయం చాలు దానికి. కలుషితమైన నీళ్ళు తాగినా, గాలివానలో తుంపర పీల్చినా లోపలికి పోవచ్చు. మనిషి నుంచి మనిషికి అంటడం మాత్రం చాలా అరుదు, కాబట్టి రోగిని వెలివేసినట్టు చూడక్కర్లేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి ఇది రావడం తక్కువ. షుగర్, కిడ్నీ జబ్బు, మితిమీరిన తాగుడు ఉన్నవాళ్ళనే ఎక్కువగా పట్టుకుంటుంది. రోగుల్లో దాదాపు సగం మందికి షుగర్ ఉంటుంది. కొందరిలో ఏళ్ళ తరబడి లోపలే దాక్కుని, ఒంట్లో ఓపిక తగ్గినప్పుడు బయటపడుతుంది.

దీన్ని మొదట గుర్తించింది బర్మాలోని రంగూన్‌లో, 1911లో. అక్కడి డాక్టరు ఆల్ఫ్రెడ్ విట్మోర్, ఆయనతో పనిచేసిన సి.ఎస్. కృష్ణస్వామి దాని గురించి రాశారు. రంగూన్ అంటే మనకి పరాయి ఊరేం కాదు. మన తీరం నుంచి ఓడలెక్కి వేలమంది కూలికి వెళ్ళారు. కోరంగి రేవు పేరు మీద తెలుగువాళ్ళని అక్కడ కోరంగీలనేవారు. 2016లో వచ్చిన ఒక అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా సుమారు 1,65,000 మందికి ఈ జబ్బు వస్తోంది, 89,000 మంది చనిపోతున్నారు. మరి దీన్ని అరుదైన జబ్బు అంటామేం? చాలా కేసులు టీబీ పేరు మీదో, ఊరూ పేరూ లేని జ్వరంగానో పోతాయి కాబట్టి. 2025లో గుంటూరు జిల్లా తురకపాలెంలో ఈ జబ్బు ఉందన్న అనుమానం వార్తల్లోకి వచ్చాక మన పేపర్లలో ఈ పేరు వినబడింది.

మందు ఉంది. కానీ జ్వరానికి మామూలుగా పొడిచే చాలా ఇంజెక్షన్లు దీని మీద పనిచేయవు. సెఫ్టాజిడిమ్ గానీ మెరోపెనెమ్ గానీ, ఈ యాంటీబయాటిక్‌లలో ఒకటి కనీసం పది పద్నాలుగు రోజులు నరానికి ఎక్కించాలి, గడ్డలుంటే ఇంకా ఎక్కువ. ఆ తర్వాత కనీసం 3 నెలలు కో-ట్రైమాక్సజోల్ మాత్రలు. నెలకే బాగుంది కదా అని మానేస్తే జబ్బు తిరగబెడుతుంది.

మీకు షుగర్ ఉండి, జ్వరం వారం దాటితే, చేలో దిగుతానన్న మాట డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే రక్తం కల్చర్ చేయించమని అడగండి. అడిగితే తప్పేం లేదు.

ఆ రైతు కోలుకున్నారు. గంబూట్లు వేసుకోమని చెప్పాను. కొన్నారు కూడా. దమ్ము చేసిన చేలో అడుగు వేస్తే కాలు పైకొచ్చింది, బూటు బురదలోనే ఉండిపోయిందట. ఇప్పుడవి పాకలో వేలాడుతున్నాయి. ఆయన మాత్రం కాలికి గీత పడితే సబ్బుతో కడుక్కుని, అది మానేదాకా గట్టు మీదే కూర్చుంటున్నారు. నారు వాళ్ళబ్బాయి మోస్తున్నాడు.