టెంపుల్ రన్ నేర్చుకుందాం: ముందు ఒకటి, తర్వాతే రెండు

అందరికీ నమస్కారం. విజయవాడ నుంచి మాట్లాడుతున్నాను. టెంపుల్ రన్, టెంపుల్ రన్ 2, ఈ రెండు ఫోన్ ఆటలూ ఎలా ఆడాలో ఈ వీడియోలో మొదటి నుంచీ చూపిస్తాను. స్క్రీన్ మీద ఆడేది మా అక్క కొడుకు, చెప్పేది నేను. రెండోది కొత్తది కదా, బొమ్మలు బాగుంటాయి కదా అని చాలామంది నేరుగా దాన్నే వేసుకుంటారు. నా మాట విని ముందు మొదటిది ఆడండి. ఎందుకో మా వాడు పరిగెడుతుంటే మీకే తెలుస్తుంది.

మొదటి ఆట ఐఫోన్లలో 2011 ఆగస్టులో వచ్చింది. ఆండ్రాయిడ్‌కి 2012 మార్చిలో వచ్చింది. చేసింది ఇమాంగి స్టూడియోస్ అనే చిన్న సంస్థ. కీత్ షెపర్డ్, నటాలియా లుక్యనోవా అనే భార్యాభర్తలు పెట్టుకున్నది. రెండో ఆట 2013 జనవరిలో వచ్చింది, రెండు వారాలు తిరక్కముందే 5 కోట్ల డౌన్‌లోడ్లు దాటింది. ఇక ఆటలోకి వెళ్దాం.

ఇదిగో మొదటి ఆట. గుడిలోంచి విగ్రహం ఎత్తుకుని మనవాడు బయటికొచ్చాడు, వెనకాల కోతులు తరుముకొస్తున్నాయి. వేలిని పైకి తోస్తే దూకుతాడు, కిందికి లాగితే జారతాడు, పక్కకి తోస్తే మలుపు తిరుగుతాడు. ఫోన్‌ని కొంచెం వంచితే అదే దారిలో ఆ పక్కకి జరుగుతాడు. మొత్తం ఆట ఇంతే. కొత్తవాళ్లకి చిక్కు ఎక్కడంటే, మలుపుకీ వంపుకీ తేడా చేతికి అలవాటు కాదు. నాణేలు కుడివైపు కనిపించగానే వేలు పక్కకి తోసేస్తారు. అలా చెయ్యకండి. నాణేలకి ఫోన్ వంచాలి, మలుపుకి మాత్రమే వేలు తొయ్యాలి.

వేలు చూడండి, దగ్గరగా చూపిస్తాను. బొటనవేలు స్క్రీన్ కింది సగంలో ఉంది. పావు స్క్రీన్ కూడా కదలడం లేదు, చిన్నగా తోసి వదిలేస్తున్నాడు. స్క్రీన్ ఈ చివర నుంచి ఆ చివరకి గీసేవాళ్లకి తర్వాతి అడ్డు వచ్చేసరికి వేలు ఇంకా గాల్లోనే ఉంటుంది.

వేర్లు తగిలితే పడిపోడు, తూలతాడు. తూలగానే కోతులు మీదికి వచ్చేస్తాయి. వెంటనే ఇంకోసారి తూలితే దొరికిపోయినట్టే. అందుకే ఒకసారి తూలాక కాసేపు నాణేల జోలికి వెళ్లకండి, దారి మధ్యలో ఉండి ప్రాణం కాపాడుకోండి. అడ్డంగా గోడ వచ్చి దారి రెండుగా చీలితే ఏ పక్కకి తిరిగినా పరవాలేదు, మీ బొటనవేలికి ఏది సుఖమో అదే తిరగండి. బూస్ట్, అంటే కాసేపు వేగంగా తీసుకెళ్లే పవర్, దొరికినప్పుడు మలుపులు కూడా ఆటే తిప్పుతుంది. అది అయిపోయే క్షణం దగ్గర మాత్రం రెప్ప వెయ్యొద్దు.

స్కోరు పెరగాలంటే దూరం ఒక్కటే చాలదు. మెనూలో ఆబ్జెక్టివ్స్ అని ఉంటుంది. అందులో ఒక్కో పని పూర్తి చేసినప్పుడల్లా మల్టిప్లయర్, అంటే స్కోరుని ఎన్ని రెట్లు చెయ్యాలో చెప్పే అంకె, ఒకటి పెరుగుతుంది, పెరిగింది ఇక తగ్గదు. ఇది తెలియక ఎంతసేపు పరిగెత్తినా స్కోరు రావట్లేదని బాధపడేవాళ్లు ఉన్నారు. వచ్చిన నాణేలతో ముందు మాగ్నెట్ పెంచుకోండి, అది నాణేలని తనే లాక్కొస్తుంది. కొత్త క్యారెక్టర్ కొన్నంత మాత్రాన పరుగు మారదు, అది మోజు కోసమే.

ఇప్పుడు రెండో ఆట. వాడు అలా పరిగెత్తుతుంటే దారి వంక చూడండి. మొదటి ఆటలో దారి బల్లపరుపుగా ఉంది, మలుపులన్నీ మూల తిరిగినట్టు ఉన్నాయి, దూరం నుంచే అడ్డు కనపడింది. ఇక్కడ దారి వంకర్లు తిరుగుతుంది, ఎక్కుతుంది, దిగుతుంది. ఎత్తు దాటేదాకా అవతల గొయ్యి ఉందో తెలియదు. అంటే ఆలోచించుకునే టైమ్ తగ్గిపోయింది. మొదటి ఆటలో చెయ్యి కుదిరినవాడికి ఇది ఆట, కుదరనివాడికి టెన్షన్. చూపు మనవాడి వీపు మీద కాదు, స్క్రీన్ పైభాగంలో, దారి పుట్టే చోట నిలపండి. కాళ్ల దగ్గర ఏముందో చూపు చివర తగులుతూనే ఉంటుంది.

తాడు మీద జారేటప్పుడు, గనిలో బండి ఎక్కినప్పుడు ఫోన్ వంపే ముఖ్యం. పట్టా విరిగిన వైపు నుంచి బండిని అవతలికి వంచాలి, దూలం వస్తే వేలు కిందికి లాగి తల దించాలి. ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఫోన్‌లో వంపు పట్టే సెన్సర్‌కి మీ చెయ్యి వంగిందా, బస్సు మలుపు తిరిగిందా తేడా తెలియదు. బెంజ్ సర్కిల్ దగ్గర బస్సు తిరుగుతుంటే మనవాడు కూడా దారి అంచుకి వెళ్లిపోతాడు. బస్సులో నేర్చుకోకండి. ఇంట్లో కూర్చుని, మోచేతులు ఒళ్లో ఆనించుకుని నేర్చుకోండి.

ఎడమపక్క మీటర్ ఉంది చూశారా? నాణేలు తీసేకొద్దీ నిండుతుంది. నిండాక స్క్రీన్ మీద రెండుసార్లు టక టక మని కొడితే మీరు ఎంచుకున్న పవర్ పని చేస్తుంది. మొదటి ఆటలో ఇలా రెండుసార్లు కొడితే ఆటలోని నాణేలు పెట్టి కొనుక్కున్న రెక్కలు, అంటే చనిపోతే మళ్లీ లేపేవి, వాడినట్టు. రెండోదానికి అలవాటుపడి మళ్లీ మొదటిది ఆడేవాళ్లు ఇక్కడ జాగ్రత్త. షీల్డ్, అంటే అడ్డు తగిలినా కాసేపు కాపాడే పవర్, ఉంటే మీటర్ నిండగానే వాడెయ్యకండి, దారి చిక్కుగా ఉన్నచోటికి దాచుకోండి.

ఇంకోటి పచ్చలు, జెమ్స్ అంటారే అవి. చనిపోయాక సేవ్ మీ నొక్కితే లేస్తాం. మొదటిసారి 1, తర్వాత 2, తర్వాత 4, ఆ తర్వాత 8. ఒకే పరుగులో నాలుగుసార్లు లేస్తే 15 పోతాయి. కొత్త పరుగులో మళ్లీ 1 నుంచే మొదలు. కాబట్టి ఒకసారి, మహా అయితే రెండుసార్లు లేవండి. మూడోసారికి వదిలెయ్యండి.

ఎండాకాలం మన ఊళ్లో ఆడేవాళ్లకి ఒక మాట. చెమట వేలితో తోస్తే స్క్రీన్ సరిగ్గా పట్టదు. పక్కన పొడి గుడ్డ పెట్టుకోండి. ఫోన్ వేడెక్కితే తనే వేగం తగ్గించుకుంటుంది, ఆట తడబడుతుంది. మీరు సరిగ్గానే దూకుతారు, వాడు ఆలస్యంగా దూకుతాడు. చార్జింగ్ పెట్టి ఆడకండి, వెనక కవర్ తీసెయ్యండి, వేడి తగ్గేదాకా ఆపండి.

అమ్మానాన్నలూ, ఇది మీకు. ఆట ఉచితమే గానీ, లోపల పచ్చలూ నాణేలూ అసలు డబ్బుతో అమ్ముతారు. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ఏది కొన్నా ప్రతిసారీ వేలిముద్రో పాస్‌వర్డో అడిగేలా పెట్టండి. పాస్‌వర్డ్ పిల్లలకి చెప్పకండి, వాళ్ల వేలిముద్ర ఆ ఫోన్‌లో ఉంటే తీసెయ్యండి. ఫోన్ వాళ్ల చేతికి ఇవ్వడం ఆ తర్వాతే.