బోర్లించి చూడవలసిన రాళ్లు

సభకు నమస్కారం.

మెత్తటి ఒంటి జీవుల శిలాజాలు వెతకమంటే భూగర్భశాస్త్రం చదివినవారెవరూ ముందుగా ఇసుకరాయి దగ్గరికి వెళ్లరు. సన్నని బురద గట్టిపడిన రాళ్లను చూస్తారు. ఇసుక గరుకు, రేణువుల సందుల్లో నీరు ఆడుతూ ఉంటుంది. ఎముకా చిప్పా లేని ఒళ్లు అందులో ఇట్టే కుళ్లిపోవాలి. దక్షిణ ఆస్ట్రేలియాలోని ఎడియాకర కొండల్లో ఈ లెక్క తప్పింది.

1946లో రెజ్ స్ప్రిగ్ అనే యువ భూగర్భశాస్త్రవేత్త అక్కడికి వెళ్లింది పాత గనుల పరిశీలనకు. ఇసుకరాతి పలకలపై గుండ్రటి ముద్రలు కనబడితే జెల్లీచేపలు అనుకున్నారు. ఆ పోలిక తరువాత నిలవలేదు. ముద్రలు మాత్రం నిలిచాయి. అవి సుమారు 55 కోట్ల ఏళ్ల నాటి సముద్రజీవులవి. జంతు శిలాజాలు విరివిగా కనబడే కేంబ్రియన్ కాలానికి ముందటి రాళ్లలో శిలాజాలు ఎందుకు లేవని డార్విన్‌ను వేధించిన ప్రశ్నకు జవాబులో ఒక భాగం అక్కడ దొరికింది. 2004లో భూచరిత్రలోని ఒక కాలానికే ఆ కొండల పేరు పెట్టారు.

ఇసుక ఎలా కాపాడింది? నాటి సముద్రపు అడుగున సూక్ష్మజీవులు చాప పరిచినట్టు అల్లుకుని ఉండేవి. డికిన్సోనియా వంటి చదునైన జీవుల బతుకంతా ఆ చాప మీదే. తుఫాను రేగితే ఇసుక ఒక్కసారిగా వచ్చి వాటిని అణిచేసేది. ఒళ్లు పూర్తిగా కుళ్లేలోపే ఆ ఇసుక అడుగు బిగుసుకుంది. బిగించింది ఇనుప ఖనిజమా, సముద్రజలంలోని సిలికానా అన్న వాదన ఇంకా నడుస్తోంది. ఏదైతేనేం, జీవి పోయి అచ్చు మిగిలింది, అదీ ఎక్కువగా పలక అడుగువైపున. అందుకే దక్షిణ ఆస్ట్రేలియాలోనే ఉన్న నిల్పెనా శిలాజ క్షేత్రంలో పరిశోధకులు పలకలను ఎత్తి, బోర్లించి, ముక్కలను పక్కపక్కన పేరుస్తారు. ఒక్కో శిలాజాన్ని విడిగా పెట్టెలో దాచడం కంటే నాకు ఈ పద్ధతే నచ్చుతుంది. ఎవరి పక్కన ఎవరు బతికారో తెలుస్తుంది. ఆ తరువాతి కాలంలో నేలను తొలిచే జంతువులు పెరిగి చాపను చిందరవందర చేశాయి. ఇలాంటి అచ్చులూ అరుదైపోయాయి.

డికిన్సోనియా చిత్రమైనది. కొన్ని మిల్లీమీటర్ల నుంచి మీటరు దాటేదాకా ఉంటుంది. నడుమ ఒక గీత, ఇరువైపులా మడతలు, నోటి జాడ లేదు. జంతువు కాదన్నవారూ ఉన్నారు. ఇసుక నుంచి తైలం తీస్తామంటే నవ్వుతాం కదా, 2018లో దాదాపు అలాంటి పనే జరిగింది. రష్యాలోని శ్వేతసముద్ర తీరపు డికిన్సోనియా శిలాజాలపై మిగిలిన పలుచని సేంద్రియ పొరలో, జంతువుల ఒంట్లో ముఖ్యంగా ఉండే కొవ్వు అయిన కొలెస్ట్రాల్ ఆనవాళ్లు దొరికాయి. జంతువేననడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం అంతవరకూ లేదు.

నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు ఆ పలకలు మామూలు రాళ్లే. వెలుతురు ఏటవాలుగా పడితేనే ముద్రలు లేస్తాయి. దయచేసి దీపాలు తగ్గించండి, మొదటి చిత్రం చూద్దాం.