కుక్కరు పిడి మీద కూర్చున్న కార్బ్యురేటర్

నమస్కారం. ఇది ఫెనోలిక్ స్పేసర్, అంటే గాలినీ పెట్రోలునూ కలిపే కార్బ్యురేటర్‌కూ, ఆ మిశ్రమాన్ని ఇంజిన్‌లోకి చేర్చే మ్యానిఫోల్డ్‌కూ నడుమ పెట్టే, వేడిని ఆపే దిమ్మ. దీన్ని తయారీదారులే నాకు ఉచితంగా పంపారు. డబ్బేమీ ఇవ్వలేదు, వీడియోను ముందుగా చూపించమనీ అడగలేదు. ధర ఎంత, ఏ కార్బ్యురేటర్లకు సరిపోతుంది అనే వివరాల జోలికి ఇక్కడ వెళ్లను.

నా కారు 1969 నాటి షెవ్రొలే షెవెల్ ఎస్‌ఎస్ 396. దాని క్వాడ్రాజెట్ కార్బ్యురేటర్‌ను ఇంతవరకు మార్చలేదు. నేనుండేది అరిజోనాలోని ఫీనిక్స్ పక్కన, చాండ్లర్‌లో. 2023లో ఫీనిక్స్‌లో వరుసగా 31 రోజులు ఎండ 43 డిగ్రీలు దాటింది. ఇలాంటి చోట కారు నడుస్తున్నంతసేపూ బాగానే నడుస్తుంది. ఆపిన తరువాతే మొదలవుతుంది అసలు కథ.

సరుకులు కొనుక్కుని పావుగంటలో తిరిగివచ్చి తాళం తిప్పితే స్టార్టర్ తిరుగుతూనే ఉంటుంది, ఇంజిన్ మాత్రం అందుకోదు. ఒకసారి ఎయిర్ క్లీనర్ మూత తీసి, టార్చి వేసి లోపలికి చూశాను. ఆగి ఉన్న ఇంజిన్‌లో, బూస్టర్ల (పెట్రోలు బయటికి వచ్చే చిన్న గొట్టాల) కొసల నుంచి పెట్రోలు ఒక్కొక్క చుక్కగా, కింద గాలిని వదిలే థ్రాటిల్ పలకల మీద పడుతోంది. ఇంజిన్ ఆగగానే ఫ్యానూ, నీటి ప్రసరణా ఆగిపోతాయి. మ్యానిఫోల్డ్‌లోని వేడి మెల్లగా పైకెక్కి, కార్బ్యురేటర్‌లో పెట్రోలు నిలవుండే చిన్న తొట్టి, అంటే ఫ్లోట్ బౌల్‌లోని పెట్రోలును మరిగిస్తుంది. నేటి పెట్రోలులో 10 శాతం దాకా ఉండే ఇథనాల్ 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది, పెట్రోలులోని తేలికపాటి భాగాలకైతే 40 డిగ్రీలు చాలు. పొంగిన పెట్రోలు ముందు ఇంజిన్‌ను ముంచుతుంది, ఆ తరువాత బౌల్ ఖాళీ అవుతుంది. అంటే పెట్రోలు ఎక్కువై ఒకసారి, పెట్రోలే లేకపోయి మరొకసారి, రెండు విధాలా మొండికేస్తుంది.

ఇంతకుముందు నేను కొన్నది అల్యూమినియం స్పేసర్. చూడ్డానికి మెరుపు బాగుంది కానీ, మసిగుడ్డ బదులు స్టీలు పళ్లెంతో వేడి గిన్నెను దించబోయినట్టు, వేడిని అది ఆపకపోగా సాదరంగా పైకి పంపింది. ఫెనోలిక్ అలా కాదు. మన ఇళ్లలో ప్రెషర్ కుక్కరుకు ఉండే నల్లటి పిడి ఉంది చూడండి, ఆ బేకలైట్ కూడా ఫెనోలిక్ జాతిదే. అమ్మ ఆ పిడి పట్టుకుని కుక్కరును దించేటప్పుడు ఏనాడూ గుడ్డ వెతుక్కోలేదు. ఇప్పుడు అదే సరుకు అంగుళం మందాన నా కార్బ్యురేటర్ కింద ఉంది. అదే దుకాణానికి, అదే ఎండలో మళ్లీ వెళ్లి వచ్చాను. ఇంజిన్ రెండో తిప్పుకే అందుకుంది. కార్బ్యురేటర్ పక్కన చెయ్యి పెడితే వేడిగానే ఉంది, కానీ వెంటనే వెనక్కి లాక్కోవలసిన అవసరం రాలేదు.

ఇక నా కోపం సంగతి. చోక్ అంటే చల్లటి ఇంజిన్ అందుకునేందుకు గాలిని తగ్గించే రేకు. ఈ కారులో వేడిని బట్టి దాన్ని కదిలించే స్ప్రింగు కార్బ్యురేటర్ మీద కాక, మ్యానిఫోల్డ్ మీద ఉంటుంది; ఒక సన్నని కడ్డీ రెండింటినీ కలుపుతుంది. కార్బ్యురేటర్‌ను అంగుళం పైకెత్తితే ఆ కడ్డీ అంగుళం పొట్టిదైపోయినట్టే కదా! పెట్టెలో ఇచ్చిన కాగితంలో దాని ఊసే లేదు, కార్బ్యురేటర్‌ను బిగించే స్టడ్లు (మరలు) కూడా పొట్టివే. థ్రాటిల్ కేబుల్ కొలతా మళ్లీ సరిచూసుకోవాలి, బానెట్‌కు ఎయిర్ క్లీనర్ తగులుతుందేమో బిగించకముందే చూసుకోవాలి. ఒక శనివారం మొత్తం ఈ పనికే పోయింది.

అసలు వేడి పుట్టేది స్పేసర్ కిందనే, మ్యానిఫోల్డ్ నడుమ ఎగ్జాస్ట్ వాయువు పారే క్రాసోవర్ దారిలో. చలికాలంలో ఇంజిన్ త్వరగా వేడెక్కాలని పెట్టిన ఏర్పాటది. చలి ఎక్కువుండే మిన్నెసోటాలో దాని విలువ వేరు, ఫీనిక్స్‌లో అది నిప్పుల కుంపటి. అతుకుల మధ్య వేసే గాస్కెట్లలో ఆ దారిని మూసేసేవి వేస్తే చోక్ స్ప్రింగుకు వేడి అందదు కనుక నేనింకా వెయ్యలేదు.

స్పేసర్‌ను తీసివెయ్యను, అది పనిచేస్తోంది. కానీ పెట్టెలో తగిన స్టడ్లూ, పొడవైన కడ్డీ వచ్చేదాకా కొనమని ఎవరికీ చెప్పను. నా కడ్డీని నేనే పాత సైకిలు చువ్వతో చేసుకున్నాను. అదిగో, కెమెరా దగ్గరికి తెస్తున్నాను, వంపు కొంచెం వంకరగా వచ్చింది కానీ చోక్ మాత్రం సరిగ్గా మూసుకుంటోంది.