ముందున్న హోలు ఖాళీగా ఉంది

(గోల్ఫ్ సభ్యుల వార్షిక బహుమతి ప్రదాన సభలో చేసిన వందన సమర్పణ ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, కమిటీ పెద్దలకు, ఈ సాయంత్రం కప్పులు గెలుచుకుని ముందు వరుసలో కూర్చున్న మిత్రులకు, ఏమీ గెలవకపోయినా భోజనం వేళకు తప్పకుండా వచ్చిన నాలాంటి వారికి నమస్కారం. వందన సమర్పణ నాకు అప్పగిస్తూ కార్యదర్శి గారు ఐదు నిమిషాలు దాటకూడదని మరీ మరీ చెప్పారు. ఏడాది పొడుగునా నెమ్మది ఆట మీద కమిటీకి ఉత్తరాలు రాసినవాణ్ణి కాబట్టి ఆ షరతును కాదనే హక్కు నాకు లేదు. అయినా దానిని పాటించలేనన్న అనుమానంతో ముందుగానే మన్నించమని కోరుతున్నాను.

మొదటి వందనం మాలీలకు. మనం కారు దిగి బూట్లు తొడుక్కునేసరికే వాళ్లు పొడవాటి వెదురు బద్దతో గ్రీన్ల (బంతి పడాల్సిన గుంట చుట్టూ ఉండే పొట్టి గడ్డి నేలల) మీది మంచును దులిపేసి వెళ్లిపోయి ఉంటారు కాబట్టి, మనలో చాలామంది వాళ్ల ముఖాలు కూడా చూసి ఉండరు. రెండో వందనం మన బ్యాగులు మోసే క్యాడీలకు. నేను చెప్పదలచుకున్నదంతా ఆ రెండో వందనంలోనే ఉంది. కానీ అక్కడికి చేరాలంటే ముందు కొంత లెక్క చెప్పాలి.

నేను ముప్పైనాలుగేళ్లు రైల్వే ఆపరేటింగ్ విభాగంలో పనిచేశాను. అందులో తొమ్మిదేళ్లు కంట్రోల్ ఆఫీసులో గడిచాయి. చెవికి ఫోను, చేతిలో పెన్సిలు, ఎదురుగా చార్టు. ఏ బండి ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది, దాని వెనుక ఎన్ని ఆగాయి అన్నదే మా బతుకు. యాభై రెండో ఏట గోల్ఫ్ పట్టుకున్నాక, ఆదివారం ఉదయం పద్దెనిమిది హోళ్లలో ఆరోదాని టీ (ఆ హోలుకు మొదటి దెబ్బ కొట్టే చోటు) దగ్గర మూడు జట్లు బ్యాగులు దింపుకుని చెట్టు కింద కూర్చుని ఉండటం చూసిన మొదటిసారే నాకు ఔటర్ సిగ్నల్ దగ్గర నిలిచిపోయిన గూడ్సు బళ్లు గుర్తుకొచ్చాయి.

ఆరో హోలు పార్ 3, అంటే మూడు దెబ్బల్లో ముగించాల్సిన పొట్టి హోలు. పార్ 4, పార్ 5 హోళ్లలో ఒక జట్టు గ్రీన్ దగ్గర ఉండగా మరొకటి వెనుక ఫెయిర్‌వే (టీకీ గ్రీన్‌కూ మధ్య గడ్డి దారి) మీదో టీ మీదో ఆడుకోవచ్చు. పార్ 3లో అది కుదరదు. గ్రీన్ ఖాళీ అయ్యేదాకా వెనుకవారు కదలలేరు. మా భాషలో అది ఒక బ్లాక్ సెక్షన్, అందులో ఒక సమయంలో ఒకే బండి. మన ఆరో హోలు దాటడానికి ఒక జట్టుకు పది నిమిషాలు పడుతుంది. మనం ఆదివారాలు ఎనిమిది నిమిషాలకొక జట్టును వదులుతున్నాము. పది నిమిషాల సెక్షన్‌లోకి ఎనిమిది నిమిషాలకొక బండిని తోస్తే, ప్రతి బండీ తన ముందుదానికంటే రెండు నిమిషాలు ఎక్కువ ఆగుతుంది. పన్నెండో జట్టు వచ్చేసరికి అది ఇరవై రెండు నిమిషాలు. ఇందులో ఏ ఆటగాడి తప్పూ లేదు, అది టైంటేబుల్ తప్పు. రైల్వేలో ఇలాంటి సెక్షన్‌కు మధ్యలో ఇంటర్మీడియట్ బ్లాక్ సిగ్నల్ పెట్టి, ఒక సెక్షన్‌ను రెండుగా చీలుస్తారు. గోల్ఫ్‌లోనూ ఆ సిగ్నల్ ఉంది: గ్రీన్ చేరిన జట్టు బంతులకు గుర్తులు పెట్టి, పక్కకు తప్పుకుని, వెనుకవారిని టీ నుంచి కొట్టమని చెయ్యి ఊపాలి. వాళ్లు నడిచి వచ్చేలోగా వీళ్లు పటింగ్, అంటే బంతిని గుంటలోకి దొర్లించడం, ముగించుకోవాలి. మన దగ్గర ఇలా చెయ్యి ఊపినవారిని నేను ఏడాదిలో రెండుసార్లు చూశాను. అందులో ఒకసారి ఆయన దోమను తోలుకుంటున్నాడని తరువాత తెలిసింది.

ఇక ఆటగాళ్ల వంతు లెక్క. నలుగురు తలా తొంభై కొడితే 360 స్ట్రోకులు, అంటే దెబ్బలు. ఒక్కొక్కదానికి ఇరవై సెకన్లు అదనంగా తీసుకుంటే 7,200 సెకన్లు, అంటే రెండు గంటలు. జానెడు దూరంలోని పట్‌లను తీసేసి సగానికి సగం తగ్గించినా గంట తేలుతుంది. 2019లో నియమాలను తిరగరాసినప్పుడు బంతిని వెతికే గడువును ఐదు నిమిషాల నుంచి మూడుకు కుదించారు. అడ్డంకి ఏమీ లేకపోతే నలభై సెకన్లలో కొట్టేయాలని సిఫారసు చేశారు. స్ట్రోక్ ప్లేలో (మొత్తం దెబ్బలు లెక్కపెట్టే ఆటలో) సిద్ధంగా ఉన్నవాడు ముందు ఆడటాన్ని ప్రోత్సహించారు. అయినా మనం ఇప్పటికీ పెళ్లిలో పెద్దల వరుస చూసుకున్నట్టు ఎవరి బంతి జెండాకు దూరమో అడుగులు కొలుచుకుంటూ, మీరు కానివ్వండి అంటే మీరు కానివ్వండి అని మర్యాదలు చేసుకుంటూ నిలబడతాము.

ప్రొవిజనల్ బంతి (మొదటిది దొరక్కపోతే పనికొచ్చేలా ముందే కొట్టి ఉంచే రెండో బంతి) విషయంలో మన పట్టింపు మరీ విచిత్రమైనది. బంతి పొదల్లోకి వెళ్లిందని నలుగురికీ తెలుసు. రెండో బంతి కొట్టి వెళ్లమంటే మాత్రం మొహం ముడుచుకుంటారు, శుభమా అని బయలుదేరుతుంటే ఎక్కడికి అని అడిగినట్టు. చివరికి పొదల్లో వెతికి వెతికి దొరకక, రెండు వందల గజాలు వెనక్కి నడిచి టీ దగ్గరికి చేరేటప్పుడు ఎదురయ్యేది వెనుక జట్టు. అలాగే స్టేబుల్‌ఫోర్డ్, అంటే హోలు హోలుకూ పాయింట్లు ఇచ్చే లెక్క. ఫ్రాంక్ స్టేబుల్‌ఫోర్డ్ అనే ఇంగ్లీషు వైద్యుడు కనిపెట్టిన ఈ పద్ధతిని 1932లో వాలసీ క్లబ్బులో తొలిసారి పోటీకి వాడారు. ఒక హోలులో ఇక పాయింటు రాదని తేలాక బంతిని జేబులో వేసుకుని ముందుకు నడిచే వెసులుబాటు అందులో ఉంది. మనవాళ్లు ఆ పద్ధతిలోనూ తొమ్మిదో స్ట్రోకు పట్‌ను నాలుగు దిక్కుల నుంచీ గొంతుకూర్చుని చూస్తారు. దానివల్ల వచ్చే పాయింట్లు సున్నా.

ఇక్కడ నవ్వుతున్నవారు, దయచేసి మరికొంతసేపు ఓపిక పట్టాలి. ఎందుకంటే ఇకపై చెప్పబోయేది నా కథ.

డిసెంబరులో ఒక ఆదివారం మా జట్టు 6:40కి బయలుదేరింది. మా ముందు జట్టులో ఒక పెద్దమనిషి ఉన్నారు, పేరు అనవసరం. ఆయన ప్రతి గ్రీన్ మీద శివాలయంలో తిరిగినట్టు ప్రదక్షిణ చేసేవారు. నాలుగో హోలు దగ్గర నాకు కోపం మొదలైంది. మా రైల్వేలో పాసింజరునో గూడ్సునో లూప్ లైన్‌లోకి తప్పించి వెనుక ఉన్న సూపర్‌ఫాస్టుకు దారి ఇస్తారు, అందులో ఎవరికీ నామర్దా లేదు. ఈ పెద్దమనిషికి ఆ ఇంగితం లేకపోయిందే అనుకుంటూ, స్కోరు కార్డు వెనుక వైపున హోలు హోలుకూ అయిన ఆలస్యం రాయడం మొదలుపెట్టాను. తొమ్మిదో హోలు తరువాత టీ తాగుతూ కూడా రాశాను. టీ, ఆమ్లెట్టు కలిపి పద్దెనిమిది నిమిషాలు పట్టాయి. అది మాత్రం రాయలేదు.

పదమూడో హోలు టీ మీద నిలబడి, నా క్యాడీతో, టైము ఎంతైందో చెప్పవయ్యా, ఇది కూడా రాయాలి అన్నాను. అతను ఇరవై ఏళ్లుగా ఈ మైదానంలో బ్యాగులు మోస్తున్నవాడు. చేతికి అరిగిపోయిన పట్టీ ఉన్న పాత హెచ్‌ఎంటీ గడియారం. అందులో చూసి, "పది యాభై సార్" అన్నాడు. కాసేపాగి, నేల వైపు చూస్తూ, "రాస్తే రాయుండ్రి సార్. గానీ ముందట హోలు ఖాళీగున్నది" అన్నాడు.

తలెత్తి చూశాను. పదమూడో హోలు ఈ చివర నుంచి ఆ చివర దాకా మనిషి లేడు. ప్రదక్షిణల పెద్దమనిషి పద్నాలుగో హోలు ఫెయిర్‌వే మీద దూరంగా నడుస్తున్నారు. నేను తలవంచుకుని ఆయన మీద ఫిర్యాదు రాస్తూ ఉండగా ఆయన మాకంటే ఒక హోలు పైగా ముందుకు వెళ్లిపోయారు. వెనక్కి తిరిగితే పన్నెండో గ్రీన్ అంచున రెండు జట్లు.

మరి ఆలస్యం ఎవరిదయ్యా అని అడిగాను. అడగకుండా ఉండవలసింది. "మీరు కొట్టేముందు పదకొండుసార్లు ఊపుతరు సార్, కట్టెను. మేము లెక్కపెడ్తం." మేము అంటే? "అందరం సార్." విచారిస్తే తేలిందేమిటంటే, నా ఊపుల మీద క్యాడీల మధ్య పందెం కూడా ఉంది. పదకొండు దాటితే ఒకరు, దాటకపోతే మరొకరు చాయ్ ఇప్పించాలి. గురివింద గింజ సామెత నేను చిన్నప్పుడే బళ్లో చదువుకున్నాను. అది నా కోసమే పుట్టిందని అరవై ఒకటో ఏట తెలిసింది.

కొంత ఊరట కోసం చెబుతున్నాను, ఈ జబ్బు మహామహులకూ ఉంది. 2002 యూఎస్ ఓపెన్ గోల్ఫ్ పోటీలో, న్యూయార్క్ దగ్గరి బెత్‌పేజ్ మైదానంలో, స్పెయిన్ ఆటగాడు సెర్హియో గార్సియా క్లబ్బును (బంతిని కొట్టే కర్రను) పట్టుకుని వదిలి, మళ్లీ పట్టుకుని ఎంతకూ కొట్టకపోతే చుట్టూ ఉన్న జనం ఆ పట్టుల్ని గట్టిగా లెక్కపెట్టారు. ఆయన దానినుంచి బయటపడి 2017లో మాస్టర్స్ అనే పెద్ద పోటీ గెలిచారు. మన క్యాడీలు కనీసం మనసులో లెక్కపెట్టుకున్నారు, అందుకు వాళ్లకు ప్రత్యేక వందనం.

పదకొండు ఎందుకైందో చెబుతాను, ఎందుకంటే ఈ సభలో సగం మందికి ఇదే రోగం ఉంది. నా బంతి కుడికి వంగిపోతుంది, అదే స్లైస్. అది కుడికి పోతోంది కదా అని నేను ఎడమకు గురిపెట్టి నిలబడటం మొదలుపెట్టాను. భుజాలు ఎడమకు తిరిగాక క్లబ్బు బయట నుంచి లోపలికి కోసినట్టు వస్తుంది. బంతి చాలావరకు క్లబ్బు ముఖం చూసే దిక్కుకే బయలుదేరుతుంది, ముఖానికీ క్లబ్బు వచ్చే దారికీ తేడా ఎంత ఉంటే అంత వంగుతుంది. అంటే నేను ఎడమకు గురిపెట్టిన కొద్దీ ఆ తేడా పెరిగి స్లైస్ ఎక్కువవుతుంది. స్లైస్ ఎక్కువైందని ఇంకా ఎడమకు తిరుగుతాను. మందే రోగాన్ని పెంచుతుంటే మోతాదు పెంచుకుంటూ పోయిన రోగి కథ ఇది. ఆ తరువాత సలహాలు వచ్చాయి. ఎడమ చేతి కణుపులు రెండు కనబడాలన్నారు ఒకరు. కుడి మోచెయ్యి పక్కటెముకలను వదలకూడదని, చంకలో తువ్వాలు పెట్టుకుని సాధన చేయమన్నారు మరొకరు. తల కదలకూడదు, నడుము ముందు తిరగాలి, పట్టు పిట్టను పట్టుకున్నంత మెత్తగా ఉండాలి. ఒక్కో ఊపుకు ఒక్కో సలహాను గుర్తు చేసుకునేవాణ్ణి. మొత్తం పదకొండు.

క్లబ్బు వెనక్కి వెళ్లి తిరిగి బంతిని తాకడానికి పట్టే సమయం సుమారు ఒక సెకను, అందులో కిందికి దిగడానికి పట్టేది పావు సెకను. బంతికీ క్లబ్బుకూ మధ్య స్పర్శ సెకనులో రెండు వేల వంతు మాత్రమే. ఆ పావు సెకనులో పదకొండు సలహాలు పాటించగల మనిషి ఎక్కడున్నాడు? అమెరికా ఆటగాడు జిమ్ ఫ్యూరిక్ స్వింగును (క్లబ్బు తిప్పి కొట్టే తీరును) ఏ గురువూ శిష్యుడికి నేర్పడు, అంత వంకర. ఆ వంకరతోనే 2016లో ఒక రౌండును 58 దెబ్బల్లో ముగించాడు. మన దేశపు గోల్ఫ్ ఆటగాడు జీవ్ మిల్ఖా సింగ్ స్వింగూ పుస్తకాల్లోని బొమ్మలా ఉండేది కాదు.

ఇంతవరకు నవ్వులాటగానే చెప్పాను. పద్దెనిమిదో గ్రీన్ చేరేసరికి 12:20 అయింది. ఐదు గంటల నలభై నిమిషాలు. డబ్బులిస్తూ, పొద్దుపోయింది, భోజనం చేసి రెండో బ్యాగుకు వెళ్తావా అని అడిగాను. "ఇంకేడిది సార్. పదకొండున్నర బ్యాచి వేరేటోళ్లను తీస్కపోయింది" అన్నాడు. మాట పెంచలేదు, కోపం కూడా లేదు. క్యాడీకి కూలి రౌండుకు ఇస్తాము, గంటకు ఇవ్వము. నాలుగుంపావు గంటల్లో ముగిస్తే అతనికి ఆదివారం రెండు రౌండ్లు దొరుకుతాయి. ఆరు గంటలైతే ఒకటే. మంగళ, బుధవారాల్లో ఎవరూ రారు కాబట్టి వారం మొత్తానికి ఆ ఆదివారమే ఆధారం. ముప్పైనాలుగేళ్లు ఆలస్యాల లెక్క రాసినవాణ్ణి, ఆ కార్డు మీద నా కోపం ఖర్చంతా రాశాను గాని, అతని రెండో బ్యాగును రాయలేదు.

అయ్యా, కమిటీ పెద్దలు ఇక్కడే ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. ఆదివారం జట్ల మధ్య ఎనిమిది నిమిషాలను పదికి మార్చండి. మొత్తం మీద రెండు మూడు జట్లు తగ్గుతాయి, తగ్గనివ్వండి. ఆరో హోలు దగ్గర వెనుకవారిని పిలవడం తప్పనిసరి చేయండి. మలుపు తిరిగే హోళ్లలో బంతి ఎక్కడ పడిందో చూడటానికి ముందు నిలబడే ఆగేవాలాను మీరే నియమించండి, వెతుకులాట సగం తగ్గుతుంది. పద్దెనిమిది నిమిషాల ఆమ్లెట్టు గురించి మీ ఇష్టం. అది నేను అడిగితే నా స్నేహితులు నాతో ఆడరు.

నా వంతుగా ఒక ఊపుకు వచ్చాను. మొదటి మూడు వారాలు, బంతి దగ్గరికి రాగానే, క్యాడీ వెనుక నుంచి చిన్నగా "సార్" అనేవాడు, అంతే, కొట్టేయాలని గుర్తు. స్లైస్ పోలేదు. బంతి ఇప్పటికీ కుడికే పోతుంది, కాకపోతే ఇరవై సెకన్లలో పోతుంది. తొంభై ఏడు కొట్టేవాణ్ణి, తొంభై ఆరు కొడుతున్నాను. పందెం ఆగిపోయినందుకు ఒకరిద్దరు క్యాడీలు నొచ్చుకున్నారని విన్నాను.

గత నెల ఒక ఆదివారం మళ్లీ 6:40కే బయలుదేరి 10:55కు ముగించాము. కార్డు మీద సంతకం చేసి, డబ్బులిద్దామని పక్కకు చూస్తే అతను లేడు. మొదటి టీ దగ్గర మరొకరి బ్యాగు భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. సాయంత్రం తీసుకుంటానని అక్కడినుంచే చెయ్యి ఊపాడు.

వందన సమర్పణలో మిగిలిన పేర్లు కార్యదర్శి గారి దగ్గర ఉన్నాయి, ఆయన చదువుతారు.