పూత పడకముందే కారు పైపు: ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: ఇవాళ ఇంటి దగ్గర కరెంటు కారు ఛార్జింగ్ ఏర్పాట్ల గురించి. మొదటి కాల్ బోడుప్పల్ నుంచి. చెప్పండి.

కాలర్: నమస్తే అన్నా. జీ ప్లస్ వన్ కడుతున్నం, వచ్చే వారం పూత పని. ఇప్పుడున్నది పెట్రోల్ కారే. రెండు మూడేండ్లల్ల కరెంటు కారు తీసుకోవాలనుంది. ఇప్పుడేం జేసుకోవాలె?

నిపుణుడు: ఛార్జరు ఇప్పుడే కొనొద్దు, దారి వేసి పెట్టుకోండి. మెయిన్ బోర్డు నుంచి కారు నిలబెట్టే గోడదాకా 32 ఎంఎం పీవీసీ పైపు విడిగా ఒకటి. మలుపుల దగ్గర ఎల్బోలు కాదు, పొడవాటి బెండ్లు పెట్టమనండి. తర్వాత వైరు లాగడానికి లోపల నైలాన్ తాడు వదిలి రెండు కొసలూ బాక్సుల్లో కట్టించి, పూతకు ముందు మూతలు బిగించండి. సిమెంటు లోపలికి జారి పైపు పూడుకుపోయిందంటే పూసిన గోడ మళ్లీ కోయాల్సిందే.

కాలర్: వైరు ఏ సైజన్నా? మీటరు వెనక దిక్కుంది, ముప్పై మీటర్లుంటది.

నిపుణుడు: 15 ఆంపియర్ల ప్లగ్గుతో సరిపెట్టుకుంటే 4 చదరపు ఎంఎం రాగి వైరు చాలు. గోడకు పెట్టే 7.4 కిలోవాట్ల ఛార్జరు బాక్సు 32 ఆంపియర్లు గంటల తరబడి లాగుతుంది, గీజరులా పావుగంటలో ఆగదు. ముప్పై మీటర్లకు 6 ఎంఎం వైరులో దారిలోనే ఆరు వోల్టులకు పైగా పోతాయి, 10 ఎంఎంలో నాలుగుకు మించవు. మీకు 10 వేయడమే మేలు, అందుకే పెద్ద పైపు అన్నాను. డీబీలో, అంటే మెయిన్ బోర్డులో, 40 ఆంపియర్ల ఎంసీబీకి (లోడెక్కువైతే దానంతటదే ఆపే స్విచ్చుకు) చోటు ఉంచండి. 32ది పెడితే ఎండాకాలం డబ్బా వేడికి అర్ధరాత్రి ట్రిప్పవుతుంది, పొద్దున చూస్తే బ్యాటరీ సగమే ఉంటుంది. ఈ లైన్ మీద ఇంకేదీ కలపొద్దు, మోటారు కూడా. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల ప్రకారం సాకెట్ నేల నుంచి కనీసం 800 ఎంఎం ఎత్తులో ఉండాలి, కారు నిలిపాక దాని పోర్టు 5 మీటర్ల లోపు రావాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడకూడదు.

యాంకర్: అత్తాపూర్ నుంచి ఒక మేడమ్ లైన్లో ఉన్నారు.

కాలర్: ఛార్జరు పెట్టగానే ఎర్త్ ఫాల్ట్ అని ఎర్రలైటు వచ్చేదండీ. ఎలక్ట్రీషియన్ వచ్చి ప్లగ్గులోనే న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ కలిపేశాడు. ఇప్పుడు బాగానే ఎక్కుతోంది.

నిపుణుడు: అమ్మా, అది ఇవాళే తీయించండి. అంతవరకు కారు పెట్టకండి. ఎప్పుడైనా న్యూట్రల్ వైరు తెగితే కరెంటు అతను కలిపిన ఆ చోటు దాటి ఎర్త్ పిన్నులోంచి కారు బాడీ మీదికి వస్తుంది. తడి కాళ్లతో డోరు పట్టుకుంటే చాలు, ప్రాణం మీదికొస్తుంది. ఎర్రలైటు చెప్పింది నిజమే, మీ ఎర్త్ పని చేయడం లేదు. హైదరాబాద్‌లో ఇది మామూలే, కింద గ్రానైట్ రాయి, వేసవిలో ఎర్త్ వేసిన గుంత ఎండిపోతుంది. కొత్త ఎర్త్ పిట్ తీయించి, ఎర్త్ కొలిచే మీటరుతో దాని నిరోధం కొలిపించండి, 5 ఓములు దాటకూడదు. ఎండాకాలం గుంతలో వారానికోసారి నీళ్లు పోయండి.

కాలర్: మరి కరెంటు లీకైతే ఆపే ఆర్‌సీసీబీ ఉందండీ, అది కాపాడదా?

నిపుణుడు: దాని మీద గుర్తు చూడండి. ఒక్క అల గీతే ఉంటే ఏసీ టైపు. కారు ఛార్జరు నుంచి కొంచెం డీసీ, అంటే బ్యాటరీ తరహా కరెంటు, లీకైతే అది మొద్దుబారి అసలు షాకప్పుడు కదలదు. అల కింద సగం గుట్టల్లాంటి గీతలున్నది ఏ టైపు, 30 మిల్లీ ఆంపియర్లది. కనీసం అదుండాలి. ఛార్జరు లోపలే 6 మిల్లీ ఆంపియర్ల డీసీని పట్టే ఏర్పాటుంటే ఏ టైపు చాలు, లేకపోతే బీ టైపు కావాలి. బీ టైపు ఖరీదెక్కువ, కాబట్టి ఛార్జరు కొనేటప్పుడే అడగండి.

యాంకర్: నిజాంపేట నుంచి అపార్ట్‌మెంట్ సంఘం సభ్యుడు.

కాలర్: సార్, కొత్త బిల్డింగ్, నలభై కార్ల పార్కింగ్. బిల్డర్‌ను ఏమడగాలి?

నిపుణుడు: కేంద్రం నమూనా భవన నిబంధనలకు 2019లో చేసిన సవరణ ప్రకారం పార్కింగ్‌లో 20 శాతానికి ఛార్జింగ్ ఏర్పాటుండాలి. అవన్నీ ఒకేసారి నడిచినా తట్టుకునే లోడుకు 1.25 రెట్లు లెక్కేయాలి. ఇది నమూనానే, రాష్ట్రం తన నిబంధనల్లోకి తీసుకోవాలి, అయినా లెక్క కట్టడానికి పనికొస్తుంది. మీకు ఎనిమిది పాయింట్లు. ఒక్కోటి 3.3 కిలోవాట్లయితే 26.4, 1.25తో 33. అదే 7.4వైతే 74. ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చంతా ఈ తేడాలోనే ఉంది.

కాలర్: 3.3 సరిపోతుందా మరి?

నిపుణుడు: రోజుకు నలభై కిలోమీటర్లు తిరిగే కారుకు ఆరేడు యూనిట్లు చాలు. అంటే సుమారు రెండు గంటలు. ఎనిమిదీ 3.3వే పెట్టించుకోండి. మిగతా ముప్పై రెండింటికి బోర్డులో చోటు, పైన కేబుల్ ట్రే ఇప్పుడే అడగండి. ఒక్కో పాయింటుకు సబ్‌మీటరు లేకపోతే నెల తిరగకుండానే కామన్ బిల్లు మీద గొడవ. మీ పార్కింగ్ నేల మట్టంలో స్తంభాల మధ్య ఉండే స్టిల్టా, సెల్లారా?

కాలర్: సెల్లార్ సార్.

నిపుణుడు: అయితే బోర్డు గ్రౌండ్ ఫ్లోర్‌లో పెట్టించండి. పెద్ద వానకు సెల్లార్ నిండితే 800 ఎంఎం ఎత్తు కూడా మునుగుతుంది. నీళ్లలో దిగకుండా మెయిన్ ఆపగలగాలి.