ఇంటికి లేజర్ ప్రింటర్ కొనే ముందు దాని టోనర్ డబ్బా చూడండి

నమస్కారమండీ. ముందు ఈ కాగితం చూడండి, కెమెరా దగ్గరకు తెస్తున్నా. మా అమ్మాయి ఇంటర్ హాల్ టికెట్ ఇది. ఫోటో మీద అడ్డంగా తెల్ల గీతలు, పేరు సగం గులాబి రంగు, సగం మాయం. పరీక్షకు ముందు రోజు రాత్రి పదింటికి మా పాత ఇంక్ ప్రింటర్ ఇచ్చిన కానుక. రెండు నెలలు దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, లోపల ఇంక్ ఎండిపోయింది. హెడ్ క్లీనింగ్ నొక్కాను, మళ్లీ నొక్కాను. ఆరోసారికి ట్యాంకులో ఇంక్ తగ్గింది గానీ గీతలు తగ్గలేదు. మర్నాడు పొద్దున్నే జిరాక్స్ షాపు షట్టర్ ఎప్పుడు లేస్తుందా అని స్కూటర్ మీద కూర్చుని ఎదురుచూశాను. ఇంట్లో అమ్మాయి టెన్షన్, బయట నా టెన్షన్.

ఆ తర్వాతే ఈ లేజర్ ప్రింటర్ కొన్నాను. ఏది కొనాలి, ఏం చూసి కొనాలి అని చాలామంది అడుగుతున్నారు కాబట్టి ఈ వీడియో.

షాపులో అడిగితే ఒక మాట చెప్తారు: "ఎక్కువ ప్రింట్లు తీసేవాళ్లకి లేజర్, ఇంటికైతే ఇంక్ ట్యాంక్ చాలండీ." నాకైతే ఇది తిరగేసి చెప్పాలనిపిస్తుంది. రోజూ రంగుల్లో ప్రింట్లు తీసే ఇంట్లో ఇంక్ ట్యాంక్ హాయిగా నడుస్తుంది, వాడకంలో ఉంటే ఎండదు కదా. నెలకోసారి, రెండు నెలలకోసారి ఒక హాల్ టికెట్, ఒక కరెంటు బిల్లు, బ్యాంకు వాళ్లడిగిన ఒక ఫారం... ఇలా అప్పుడప్పుడూ తీసే ఇంటికే లేజర్ కావాలి. ఇందులో ఉండేది పొడి. సన్నటి ప్లాస్టిక్ పొడి, రంగు కలిపింది. దీన్నే టోనర్ అంటారు. అది ఎండిపోవడానికి అందులో తడే లేదు. ఆరు నెలల తర్వాత స్విచ్ వేసినా మొదటి కాగితమే నల్లగా, స్పష్టంగా వస్తుంది.

లోపల జరిగేది సింపుల్‌గా చెప్తా. డ్రమ్ అని ఒక గొట్టం ఉంటుంది. దాని మీద లేజర్ వెలుగుతో అక్షరాలు స్టాటిక్ కరెంటుగా పడతాయి. దువ్వెనతో తల దువ్వుకుని కాగితం ముక్కల దగ్గర పెడితే అంటుకుంటాయి చూడండి, అదే సంగతి. పొడి ఆ అక్షరాలకు అంటుకుంటుంది, అక్కణ్నుంచి కాగితం మీదకు వస్తుంది, చివర్లో ఫ్యూజర్ అనే వేడి రోలర్ దాన్ని కరిగించి కాగితానికి అతికిస్తుంది. అందుకే కాగితం చేతికి వెచ్చగా తగులుతుంది. ఈ ఫ్యూజర్ సంగతి గుర్తుపెట్టుకోండి, కరెంటు గురించి మాట్లాడేటప్పుడు మళ్లీ వస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. ప్రింటర్ బాక్స్ మీద నిమిషానికి ఎన్ని పేజీలు, ఎంత రిజల్యూషన్ అని పెద్ద అక్షరాలతో రాస్తారు. ఇంట్లో వాడకానికి అవేవీ పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. నిమిషానికి 12 పేజీలైనా, 30 అయినా మీరు తీసేది రెండు పేజీలు. మీరు చూడాల్సింది టోనర్ కార్ట్రిడ్జ్, అంటే ఆ పొడి ఉండే డబ్బా, దాని నంబరు. అది అయిపోయిన రోజు ఏం చేస్తారు, మీ ఊళ్లో దాన్ని ఎవరైనా నింపుతారా, ఎంత తీసుకుంటారు? ముందు ఇది తెలుసుకుని, ఆ తర్వాత ప్రింటర్ ఎంచుకోండి.

నా దగ్గరున్నది హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 ప్లస్. ఒక ఆఫీసు ఖాళీ చేస్తుంటే సెకండ్ హ్యాండ్‌లో 5,500కి తీసుకున్నా. చూడ్డానికి పాత కాలం టిఫిన్ డబ్బాలా ఉంటుంది, వైఫై లేదు, స్క్రీన్ లేదు, రెండు వైపులా తనంతట తాను ప్రింట్ చేయదు. అయినా ఎందుకు కొన్నానంటే, ఇదిగో, ఈ కార్ట్రిడ్జ్ కోసం. దీని నంబరు 12ఏ. కెనాన్ ఎల్‌బీపీ 2900బీ ప్రింటర్లో వాడే 303 కూడా దాదాపు ఇదే. డూప్లికేట్ డబ్బాల మీద 12ఏ/303 అని రెండు పేర్లూ కలిపే ఉంటాయి. ఇరవై ఏళ్లుగా మన ఊళ్లలో గవర్నమెంటు ఆఫీసుల్లో, స్కూళ్లలో, మెడికల్ షాపుల్లో కనిపించే ప్రింటర్లు చాలావరకు ఈ రెండే. అందుకే కంప్యూటర్ రిపేరు చేసే ప్రతి కుర్రాడికీ దీన్ని నింపడం వచ్చు. పైగా దీనికి చిప్ లేదు, అంటే నింపిన డబ్బా పెట్టినా, వేరే కంపెనీది పెట్టినా ప్రింటర్ అడ్డు చెప్పదు.

మొన్న రీఫిల్ చేయిస్తుంటే పక్కనే నిలబడి చూశాను. పక్కన రెండు పిన్నులు ఉంటాయి, అవి లాగితే డబ్బా రెండు ముక్కలవుతుంది. ఒక ముక్కలో ఈ ఆకుపచ్చటి డ్రమ్, దాని వెనక చిన్న అర. వాడగా మిగిలిపోయిన చెత్త పొడి ఆ అరలో పడుతుంది. రెండో ముక్కలో కొత్త పొడి పోస్తారు. ఇక్కడే కిటుకు. కొంతమంది రీఫిల్ వాళ్లు హడావుడిలో కొత్త పొడి పోసేసి, ఆ చెత్త పొడి తీయకుండా మూసేస్తారు. మొదటి రెండు వందల పేజీలు బాగానే వస్తాయి, తర్వాత కాగితమంతా బూడిద చల్లినట్టు. నాకు ఒకసారి ఇలాగే జరిగింది. అందుకని దగ్గరుండి, "వేస్ట్ పొడి తీశావా బాబూ, బ్లేడ్ తుడిచావా" అని అడగండి. బ్లేడ్ అంటే డ్రమ్ మీద మిగిలిన పొడిని గీకేసే పట్టీ. ఈ రెండు మాటలు అన్నారంటే మీకు విషయం తెలుసని అర్థమై జాగ్రత్తగా చేస్తాడు.

ఇంకోటి. కాగితం మీద ఒకే మచ్చ మళ్లీ మళ్లీ పడుతోందనుకోండి, స్కేలు పెట్టి కొలవండి. ఈ 12ఏ లో మచ్చకీ మచ్చకీ మధ్య దాదాపు ఏడున్నర సెంటీమీటర్లు ఉంటే డ్రమ్ మీద గీత పడిందని. డ్రమ్ ఒక చుట్టు తిరిగే దూరం అది. అప్పుడు పొడి మారిస్తే ఉపయోగం లేదు, డ్రమ్ మార్చాలి. డ్రమ్‌ని ఎండలో, ట్యూబ్‌లైటు కింద ఎక్కువసేపు పెట్టకండి, వెలుగు తగిలితే పాడవుతుంది. నేను కూడా మీకు చూపించి వెంటనే లోపల పెట్టేస్తున్నా.

లెక్క చెప్తా. రీఫిల్‌కు నా దగ్గర 300 తీసుకున్నారు. కంపెనీ లెక్కన 12ఏ 2000 పేజీలు ఇవ్వాలి, పేజీలో వందకి ఐదు వంతులే నల్లగా ఉంటే. నాకు రీఫిల్ మీద 1500 వస్తున్నాయి. అంటే పేజీకి 20 పైసలు. 500 కాగితాల బండిల్ 300 అనుకుంటే కాగితానికి 60 పైసలు. మొత్తం 80 పైసలు. మా వీధిలో ఫోన్ నుంచి ప్రింట్ తీస్తే ఐదు రూపాయలు. అయితే చిన్నపిల్లల కలరింగ్ బొమ్మలు, నల్లటి బ్యాక్‌గ్రౌండ్ ఉన్న స్లైడ్లు తీస్తే ఈ లెక్కంతా గాలికి. ఒక నల్ల స్లైడు పది పేజీల పొడి తినేస్తుంది.

డబ్బు సంగతి పక్కన పెట్టినా, జిరాక్స్ షాపులో ఆధార్, పాన్, బ్యాంకు స్టేట్‌మెంటు అన్నీ తెలియని నంబరుకు వాట్సాప్‌లో పంపుతాం. ఆ ఫోనులో ఎంతమంది ఆధార్‌లు ఉన్నాయో ఎప్పుడైనా ఆలోచించారా? నాకు మాత్రం ఈ ఒక్క కారణం చాలు.

సరే, కొత్తదే కావాలి అంటారా. ఇంటికి సరిపోయే నలుపు తెలుపు లేజర్లు చాలావరకు 10 వేల నుంచి 15 వేల మధ్యలో దొరుకుతాయి. ఆఫర్లను బట్టి అటూ ఇటూ. వాటిలో నా ఓటు బ్రదర్ హెచ్‌ఎల్-ఎల్2321డీ కి. పేరు పలకడం కష్టం గానీ పని సులువు. రెండు వైపులా తనే ప్రింట్ చేస్తుంది, అడుగున 250 కాగితాల ట్రే. పిల్లల నోట్స్, పీడీఎఫ్‌లు తీసే ఇంటికి ఇది సగం కాగితం మిగులుస్తుంది. ఇందులో టోనర్ వేరు, డ్రమ్ వేరు. టోనర్ టీఎన్-2365, 2600 పేజీలు. డ్రమ్ 12,000 పేజీల వరకు వస్తుంది, ఇంటి వాడకానికి అది కొన్నేళ్ల మాట. టోనర్‌కు చిప్ లేదు, పక్కన ఒక పళ్ల చక్రం ఉంటుంది, రీఫిల్ చేసినప్పుడు దాన్ని వెనక్కి తిప్పి పెట్టాలి. అది తెలిసినవాడి దగ్గరే చేయించండి. టోనర్ అయిపోయిందని అది గోల పెట్టినా కంటిన్యూ మోడ్ అని ఒకటి ఉంది. అది పెట్టుకుంటే అక్షరాలు వెలిసేదాకా తీసుకోవచ్చు. లోపం ఏంటంటే దీనికి వైఫై లేదు.

ఫోన్ నుంచే ప్రింట్ కావాలంటే పేరు చివర డబ్ల్యూ ఉన్న మోడల్ చూడండి. పాంటమ్ పీ2500డబ్ల్యూ అలాంటిదే, చవక కూడా. కానీ మీ ఊళ్లో దాని టోనర్ నింపేవాళ్లు ఉన్నారో లేదో ముందు ఫోన్ చేసి కనుక్కోండి. వైఫై ప్రింటర్లు చాలావరకు రూటర్‌లో ఉండే రెండు రకాల వైఫై సిగ్నళ్లలో 2.4 గిగాహెర్ట్జ్ దాని మీదే పనిచేస్తాయి. మీ రూటర్‌లో 5 గిగాహెర్ట్జ్ ఒక్కటే ఆన్‌లో ఉంటే ప్రింటర్‌కు అసలు నెట్‌వర్కే కనపడదు. సగం మంది ఇక్కడే ప్రింటర్‌ను తిట్టుకుంటారు.

హెచ్‌పీ కొత్త మోడళ్ల గురించి ఒక మాట. చాలావాటిలో డైనమిక్ సెక్యూరిటీ అని ఉంటుంది. హెచ్‌పీ చిప్ లేని కార్ట్రిడ్జ్ పెడితే ప్రింటర్ ఒప్పుకోకపోవచ్చు, అప్‌డేట్ వచ్చాక నిన్నటిదాకా పనిచేసింది కూడా ఆగిపోవచ్చు. ఇది కంపెనీయే చెప్పే మాట, చిన్న అక్షరాల్లో. పాత హెచ్‌పీ చిప్ ఉంచి రీఫిల్ చేస్తే అడ్డులేదని కూడా అదే చెప్తుంది. అలాంటిది కొంటే మొదటి కార్ట్రిడ్జ్ ఖాళీ డబ్బా పారేయకండి, ఆ చిప్పే మీకు బంగారం.

అన్నట్టు, కొత్త ప్రింటర్‌తో వచ్చే టోనర్ చాలాసార్లు సగం సగమే నింపి ఉంటుంది. కెనాన్ ఎల్‌బీపీ 6030 లో బాక్స్‌తో వచ్చేది 700 పేజీలు, తర్వాత మీరు కొనేది 1600. "అప్పుడే అయిపోయిందేంటి" అని కంగారు పడకండి.

ఇక కరెంటు. నేను చేసిన తెలివితక్కువ పని చెప్తా. ప్రింటర్ ప్లగ్ తీసుకెళ్లి కంప్యూటర్ యూపీఎస్‌కు పెట్టాను. ప్రింట్ నొక్కగానే యూపీఎస్ కుయ్‌మని అరిచి మొత్తం ఆరిపోయింది, టైపు చేసిన ఉత్తరంతో సహా. ఫ్యూజర్ వేడెక్కే క్షణంలో ఇది ఇస్త్రీ పెట్టెలా కరెంటు లాగుతుంది. మామూలు 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది 360 వాట్లే. లేజర్ ప్రింటర్‌ను నేరుగా గోడ ప్లగ్‌కే పెట్టండి. ఇన్వర్టర్ మీద కూడా వద్దు, కరెంటు వచ్చేదాకా ఆగండి.

మాది కాకినాడ. వానాకాలం ఇక్కడ ఉప్పు డబ్బాలో నీళ్లు కారతాయి, కాగితం సంగతి చెప్పాలా! బండిల్ విప్పి బయట పెడితే తేమ పీల్చి మెత్తబడుతుంది, రెండు మూడు కలిసి లోపలికి పోయి పేపర్ జామ్. ఒకరోజు ప్రింటర్ పైనుంచి పొగ వస్తోందని మా ఆవిడ స్విచ్ కట్టేసింది. పొగ కాదు, తడి కాగితం ఫ్యూజర్ వేడికి వదిలిన ఆవిరి. అప్పట్నుంచి ట్రేలో పది కాగితాలే పెడతాను, మిగతావి జిప్ కవర్‌లో, బీరువాలో.

పొడి ఒలికితే వేడినీళ్లు వాడకండి, కరిగి పట్టేస్తుంది. పొడిగుడ్డతో దులిపి, చన్నీళ్లతో తుడవండి. ఇంక్ ప్రింటర్ల కోసం అమ్మే ఫోటో పేపర్ ఇందులో అసలు పెట్టొద్దు, దాని పైపూత ఫ్యూజర్‌కు అతుక్కుంటే ఖర్చు మామూలుగా ఉండదు. ఫోటోలు, రంగుల ప్రాజెక్టులు కావాలంటే ఇది మీకు పనికిరాదు. స్కూలు ప్రాజెక్టు ఉన్న రోజు నేను ఇప్పటికీ జిరాక్స్ షాపుకే వెళ్తాను.

స్కానర్ ఉన్నది తీసుకోవాలా అని కూడా అడుగుతున్నారు. నేను ఫోన్‌తో స్కాన్ చేసి పీడీఎఫ్ చేస్తాను కాబట్టి వద్దనుకున్నా. ఇంట్లో పెద్దవాళ్లుండి, తరచూ ఆధార్, పెన్షన్ కాగితాల జిరాక్స్‌లు కావాలంటే మాత్రం ఇంకాస్త పెట్టి పైన స్కానర్ అద్దం ఉన్నదే తీసుకోండి. చిన్న జిరాక్స్ షాపుల్లో కనిపించే కెనాన్ ఎంఎఫ్ 3010 అలాంటిదే.

నిజం చెప్పాలంటే ఈ విషయంలో నేను కాస్త తప్పు లెక్క వేశాను. ప్రింటర్ వచ్చిన వారానికే అపార్ట్‌మెంట్ అంతా తెలిసిపోయింది. అదిగో, బెల్లు... పై ఫ్లోర్ పిన్నిగారే అయ్యుంటారు. "బాబూ, మీ ఇంట్లో జిరాక్స్ మిషను పెట్టారట కదా, ఈ రేషన్ కార్డు రెండు వైపులా తీసివ్వవా" అని పొద్దున ఫోన్ చేశారు. ఫోటో తీసి ప్రింట్ ఇస్తే "ఇది జిరాక్స్‌లా లేదేంటి" అంటారు. వెళ్లొస్తానండీ, మీ ప్రింటర్ కార్ట్రిడ్జ్ నంబరు కింద రాయండి, తెలిస్తే చెప్తాను.